గోరు కింద చిన్న గడ్డ, ఏళ్ల తరబడి నొప్పి: గ్లోమస్ ట్యూమర్ గురించి తెలుసుకుందాం

ఈ ఎపిసోడ్‌లో వేలికి వచ్చే ఒక విచిత్రమైన నొప్పి గురించి మాట్లాడుకుందాం. బయటికి చూస్తే ఏమీ ఉండదు. వాపు లేదు, చీము లేదు, దెబ్బ తగిలిన గుర్తు లేదు. ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది. కానీ ఫ్రిజ్‌లోంచి వాటర్ బాటిల్ తీశారంటే ప్రాణం జివ్వుమంటుంది. ఫోన్‌లో టైప్ చేస్తుంటే గోరు స్క్రీన్‌కి తగిలితే చాలు, మోచేతి దాకా కరెంట్ షాక్ కొట్టినట్టు పాకుతుంది. దీని పేరు గ్లోమస్ ట్యూమర్.

ట్యూమర్ అనగానే భయపడకండి. ట్యూమర్ అంటే గడ్డ, కణితి. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. ఇది రక్తనాళాల దగ్గర పుట్టే మామూలు గడ్డ. ఇందులో క్యాన్సర్ రకం ఉండటం చాలా చాలా అరుదు. ఇక్కడ అసలు సమస్య ప్రాణాపాయం కాదు. నొప్పి ఒకటి, ఆ నొప్పిని ఎవరూ నమ్మకపోవడం రెండోది. నన్నడిగితే రెండోదే ఎక్కువ బాధ పెడుతుంది.

నేను చేతుల ఆపరేషన్లు చేసే డాక్టర్ని. ఈ జబ్బుతో నా దగ్గరకి వచ్చేవాళ్ళని చాలాసార్లు వాళ్ళ చేతిలో ఉన్న ఫైల్ చూసే సగం గుర్తుపడతాను. ఫైల్ లావుగా ఉంటుంది. మెడ ఎక్స్‌రే ఉంటుంది, మెడ ఎమ్మారై ఉంటుంది, నరాల టెస్ట్ ఉంటుంది. బీ-12 ఇంజెక్షన్లు, నరాల నొప్పి టాబ్లెట్లు, చివర్లో ఎవరో ఒకరు రాసిన టెన్షన్ తగ్గించే టాబ్లెట్ కూడా ఉంటుంది. ఇంత ఖర్చు పెట్టిన ఫైల్‌లో ఒక్కటి మాత్రం ఉండదు. ఆ గోరుని దగ్గరగా చూసి, పెన్ను మొనతో నొక్కి చూశామని ఎవరూ రాసి ఉండరు.

ఒకావిడ గురించి చెప్తాను. ముప్పై దాటిన వయసు, టైలరింగ్ చేస్తారు. కుడి చేతి ఉంగరం వేలు. ఆరేళ్లుగా నొప్పి. మొదట్లో గోరుచుట్టు అనుకుని వేలికి నిమ్మకాయ తొడిగారట. మన ఇళ్ళల్లో అందరం చేసేదే కదా. తగ్గలేదు. తర్వాత కత్తెర పట్టుకోవడం వల్ల నరం పట్టేసిందన్నారు. తర్వాత మెడ అన్నారు. చలికాలం పొద్దున్నే చన్నీళ్ళతో అంట్లు తోమాలంటే ఏడుపొచ్చేది. ఇంట్లో అత్తగారేమో పని తప్పించుకోవడానికి సాకులు చెప్తోందని అనుకునేవారు. అత్తగారిది కూడా పూర్తి తప్పని అనను. వేలు చూస్తే శుభ్రంగా ఉంది, ముగ్గురు డాక్టర్లు ఏమీ లేదన్నారు, ఇంక ఆవిడ మాత్రం ఏమనుకుంటారు?

నేను అడిగింది ఒక్కటే. “నొప్పి ఎక్కడో చూపించమ్మా.”

ఆవిడ ఎడమ చేతి చూపుడువేలు తెచ్చి గోరు మీద పెట్టబోయి, తాకకుండా గాల్లోనే ఆపేశారు. “ఇక్కడండి. వేలంతా కాదు, ఇక్కడొక్కచోటే. ముట్టుకోకండి సార్.”

ఈ మాటలోనే మూడొంతుల డయాగ్నసిస్ ఉందండి. మెడ నుంచి వచ్చే నరం నొప్పి అయితే మనిషి అరచెయ్యంతా, చెయ్యంతా తడిమి చూపిస్తాడు. గోరుచుట్టు అయితే గోరు పక్కన ఎర్రగా వాచి ఉంటుంది. కీళ్లవాతం అయితే కణుపు చూపిస్తారు. గ్లోమస్ ఉన్నవాళ్ళు ఆవగింజంత చోటు చూపిస్తారు, అది కూడా ముట్టుకోకుండా.

అసలు ఈ గ్లోమస్ అంటే ఏంటో చూద్దాం. ఇది ట్యూమర్ ఉన్నవాళ్ళకే ఉండేది కాదు, నాకూ మీకూ అందరికీ ఉండేదే. మన చర్మంలో, ముఖ్యంగా వేళ్ళ చివర్లలో, గోళ్ళ కింద, అరికాళ్ళలో గ్లోమస్ బాడీస్ అని చిన్న చిన్న నిర్మాణాలు ఉంటాయి. కంటికి ఆనవు. మామూలుగా రక్తం సన్న ధమని లోంచి కేశనాళికల్లోకి, అక్కణ్ణించి సిరలోకి వెళ్తుంది. ఈ గ్లోమస్ దగ్గర మాత్రం ధమని నుంచి సిరకి నేరుగా ఒక అడ్డదారి ఉంటుంది. ఆ దారి చుట్టూ కండరం లాంటి కణాలు కాపలా ఉంటాయి, వాటి పక్కనే బోలెడు సన్న నరాలు. చలి వేసినా, వేడి తగిలినా ఈ కణాలు ముడుచుకుని, వదులై, ఆ దారిని మూస్తూ తెరుస్తూ ఉంటాయి. అంటే పొలం కాలువకి తూము ఉన్నట్టు. ఒంట్లో వేడిని కాపాడే పని ఇది. గ్లోమస్ అనేది లాటిన్ మాట, ఉండ అని అర్థం. దారపు ఉండ లాగా రక్తనాళం మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ఆ కాపలా కణాలు అవసరానికి మించి పెరిగితే అదే గ్లోమస్ ట్యూమర్. సైజు ఎంతనుకుంటున్నారు? చాలావరకు కొన్ని మిల్లీమీటర్లే. సెంటీమీటర్ దాటడం అరుదు. మరి ఇంత చిన్నదానికి అంత నొప్పి ఎందుకు? మీ గోరు మీద వేలు పెట్టి నొక్కండి. పైన గట్టి గోరు, కింద ఎముక, మధ్యలో పల్చటి మెత్తటి పొర. అక్కడ గడ్డ పెరగడానికి చోటే లేదు. రద్దీ బస్సులో ఇద్దరి మధ్య ఇంకొకరు ఇరుక్కున్నట్టు ఉంటుంది పరిస్థితి. దానికి తోడు అక్కడ నరాలు ఎక్కువ, చలికి స్పందించే గుణం పుట్టుకతోనే ఉన్న కణాలవి. అందుకే చన్నీళ్ళు తగిలితే అంత గోల.

ఈ నొప్పి గురించి 1812లోనే విలియం వుడ్ అనే స్కాట్లాండ్ సర్జన్ రాశాడు, చర్మం కింద నొప్పిపెట్టే చిన్న బుడిపె అని. అది ఏ కణాల నుంచి పుడుతుందో తేల్చింది 1924లో, పియర్ మాసన్ అనే ఫ్రెంచ్ పాథాలజిస్ట్. మధ్యలో నూటపన్నెండేళ్లు. కాబట్టి మీ ఊళ్ళో డాక్టర్ గారికి మొదటిసారే తట్టలేదని కోపం తెచ్చుకోకండి. ఇది అరుదైనది. చేతికి వచ్చే మెత్తటి గడ్డలన్నీ వంద లెక్కేస్తే ఇవి ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయంతే. చాలామంది డాక్టర్లు కెరీర్ మొత్తంలో రెండో మూడో చూసుంటారు.

గోరు కింద వచ్చే రకం ఆడవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది, ముఖ్యంగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య. అంటే సరిగ్గా ఇంటి పనంతా మీద పడే వయసు. నొప్పి అని చెప్తే “ఊరికే అంటుందిలే” అని కొట్టిపారేయడం కూడా మన దగ్గర ఆ వయసు ఆడవాళ్ళకే ఎక్కువ. నాకు దీని మీద ఒళ్ళు మండుతుంది కానీ ఇక్కడ ఆపేస్తాను, లేకపోతే వీడియో మొత్తం అదే అవుతుంది.

ఇప్పుడు పరీక్షలు. దీనికి మూడు లక్షణాలు గుర్తుపెట్టుకోండి. ఉండుండి పొడిచినట్టు నొప్పి, ఒకే ఒక్క చోట ముట్టుకోనివ్వకపోవడం, చలికి నొప్పి పెరగడం. మూడూ అందరిలో ఉండాలని లేదు, కానీ మూడూ ఉంటే అనుమానం బలంగా పెట్టుకోవాలి.

లవ్ టెస్ట్ అని ఒకటుంది. ప్రేమకి సంబంధం లేదు, ఆ పరీక్ష గురించి రాసిన డాక్టర్ ఇంటిపేరు లవ్. గుండుసూది తల, లేదా రీఫిల్ మూసేసిన పెన్ను మొన తీసుకుని గోరు మీద ఒక్కో చోట నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్ళాలి. ఇక్కడ ఏం లేదు, ఇక్కడా ఏం లేదు, ఇక్కడ... మనిషి కుర్చీలోంచి లేస్తాడు. దాని పక్కన రెండు మిల్లీమీటర్ల దూరంలో నొక్కితే మళ్ళీ ఏమీ ఉండదు. పరీక్షకి ఖర్చు సున్నా. సూది తలతో నొక్కాలి, మొనతో పొడవకూడదు, అది గుర్తుంచుకోండి.

రెండోది ఐస్. ఐస్ ముక్క వేలి చివర కాసేపు ఆనిస్తే నొప్పి ఒక్కసారిగా లేస్తుంది. మిగతా వేళ్ళకి చల్లగా ఉంటుంది అంతే.

మూడోది హిల్‌డ్రెత్ టెస్ట్. ఇది మేము క్లినిక్‌లో చేస్తాం. చెయ్యి పైకెత్తించి, బీపీ చూసే పట్టీ చుట్టి, చేతికి రక్తం రాకుండా గాలి నింపుతాం. ఇప్పుడు అదే చోట నొక్కితే నొప్పి ఉండదు, లేదా బాగా తగ్గిపోతుంది. పట్టీ వదలగానే నొప్పి తిరిగొస్తుంది. రక్తం ఆగితే నొప్పి ఆగుతోందంటే, మూలం రక్తనాళంలో ఉందన్నమాట. దయచేసి దీన్ని ఇంట్లో ట్రై చేయకండి. వేలికి రబ్బర్ బ్యాండ్ చుట్టేసి చూడటం లాంటివి అస్సలు వద్దు. వేలికి రక్తం ఆగిపోతే ఉన్న వేలే పోతుంది.

ఫోన్ టార్చ్ గురించి చాలామంది అడుగుతుంటారు. చీకటి గదిలో వేలు వెనక నుంచి లైట్ వేస్తే గడ్డ ఉన్నచోట ఎర్రటి మచ్చలా కనిపించొచ్చు. డాక్టర్లు కూడా అలా లైట్ వేసి చూడటం ఉంది. కానీ కనిపించకపోతే లేదని అర్థం కాదు. ఫోన్‌తో ఇంతకంటే మంచి పని ఒకటుంది. పగటి వెలుతురులో గోరుని దగ్గరగా ఫొటో తీసి పెట్టుకోండి, నెలకోసారి. గోరు కింద నీలంగానో ఎర్రగానో చిన్న మచ్చ, గోరు పొడవునా ఎర్రటి గీత, గోరు చివర అదే గీత దగ్గర చీలడం, గోరు మీద చిన్న గాడి పడటం, ఇవి ఆనవాళ్ళు. రెండు చేతుల వేళ్ళూ పక్కపక్కన పెట్టి తీస్తే తేడా బాగా తెలుస్తుంది. నెయిల్ పాలిష్ తీసేసి తీయండమ్మా. డాక్టర్ దగ్గరకి కూడా పాలిష్ లేకుండానే వెళ్ళండి. నేను చూసినవాళ్ళలో గోరు మీద నీలి మచ్చ పాలిష్ కింద దాక్కున్న కేసులు ఉన్నాయి.

స్కానింగ్ సంగతి. ఎక్స్‌రేలో గడ్డ కనపడదు. చాలా ఏళ్లు ఉంటే అది కింద ఎముకని నొక్కీ నొక్కీ చిన్న గుంట చేస్తుంది, ఆ గుంట కనిపిస్తుంది. రిపోర్ట్‌లో “ఎముక కొరికినట్టుంది” అని రాసేసరికి ఇంట్లో వాళ్ళు బోన్ క్యాన్సర్ అని గూగుల్ చేసి ఏడుస్తారు. అంచులు నున్నగా ఉన్న గుంట, పైన చెప్పిన నొప్పి, ఈ రెండూ కలిస్తే మాకు క్యాన్సర్ కంటే ముందు గ్లోమస్ గుర్తొస్తుంది. అల్ట్రాసౌండ్‌లో కూడా కనిపిస్తుంది, కానీ మంచి ప్రోబ్ ఉండాలి, చేసేవాళ్ళకి అనుభవం ఉండాలి. ఎమ్మారై ఇంకా బాగా చూపిస్తుంది. అయితే ఆ వేలికే తీయించాలి. మెడ ఎమ్మారైలో వేలి గడ్డ ఎలా కనిపిస్తుంది చెప్పండి? ఇంకో ముఖ్యమైన విషయం, గడ్డ మరీ చిన్నదైతే ఎమ్మారై కూడా దాన్ని మిస్ కావచ్చు. ఎమ్మారై నార్మల్ అని వచ్చినా, సూది తల పెట్టగానే మనిషి ఎగిరిపడుతుంటే నేను మనిషినే నమ్ముతాను.

ట్రీట్‌మెంట్‌కి వస్తే, దీనికి మందు లేదు. టాబ్లెట్లతో కరగదు, ఇంజెక్షన్‌తో కరగదు. కట్టు కట్టినా, కాపడం పెట్టినా ఉపశమనమే. గడ్డని పూర్తిగా తీసేయడమే వైద్యం. ఆపరేషన్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఎక్కువమందికి వేలి మొదట్లో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తాం, అదే రోజు ఇంటికి పంపించేస్తాం.

మత్తు ఇచ్చే ముందు మేం ఒక పని తప్పకుండా చేయాలి. నొప్పి ఉన్న చోట పెన్నుతో గుర్తు పెట్టాలి. ఎందుకంటే వేలు మొద్దుబారాక “ఎక్కడమ్మా నొప్పి” అని అడిగితే ఆవిడేం చెప్తారు? గుర్తు పెట్టాక మత్తు, తర్వాత రక్తం కారకుండా వేలికి పట్టీ. గోరుని జాగ్రత్తగా లేపి, కింద ఉన్న మెత్తటి పొరని నిలువుగా కోస్తాం. అడ్డంగా కోస్తే గోరు పాడయ్యే అవకాశం ఎక్కువ. లోపల చిన్న ముత్యం లాగా, బూడిద గులాబీ కలిసిన రంగులో జిగురుగా గడ్డ కనిపిస్తుంది. చాలాసార్లు చుట్టూ సన్న పొర ఉంటుంది కాబట్టి బఠాణీ గింజ తొక్కలోంచి వచ్చినట్టు వచ్చేస్తుంది. పొరని మళ్ళీ వెంట్రుక లాంటి దారంతో కుట్టేస్తాం, అది దానంతటదే కరిగిపోతుంది. తీసిన గోరునే శుభ్రం చేసి మూతలా పైన పెడతాం చాలాసార్లు. గడ్డ గోరు పక్క అంచున ఉంటే గోరు తీయకుండా పక్కనుంచి కూడా వెళ్ళొచ్చు. గోరుకి నష్టం తక్కువ, కానీ లోపల చూసే వీలు కూడా తక్కువే.

ఇందాక చెప్పిన టైలర్ గారి గడ్డ నాలుగు మిల్లీమీటర్లు. సీసాలో వేసి చూపిస్తే ఆవిడ నమ్మలేదు. “ఇంతేనా సార్? దీనికేనా ఆరేళ్లు?” అన్నారు. వెంట వచ్చిన అత్తగారు ఆ సీసాని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు, ఏమీ అనలేదు.

తీసిన గడ్డని బయాప్సీకి పంపడం తప్పనిసరి. ఆ డబ్బులు దండగ అనుకోకండి. అది గ్లోమసేనా అని తేలేది మైక్రోస్కోప్ కిందే.

పాత పొడుపు నొప్పి చాలామందికి కొద్ది రోజుల్లోనే పోతుంది. కుట్టు నొప్పి, గోరు మీద సున్నితత్వం మాత్రం కొన్ని వారాలు ఉంటాయి. చేతి గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి పూర్తి గోరు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. కొందరికి గోరు మీద గీతో, గాడో మిగిలిపోతుంది, ఇది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. కొంతమందిలో నొప్పి తిరిగొస్తుంది. కొద్ది వారాల్లో, నెలల్లో వచ్చిందంటే ఎక్కువగా గడ్డలో కొంత ముక్క మిగిలిపోయిందని అర్థం. ఏళ్ల తర్వాత వస్తే ఇంకోటి కొత్తగా పుట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు మళ్ళీ స్కాన్ తీసి, మళ్ళీ తీయాల్సి ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ వేళ్ళకి గ్లోమస్ ఉంటే మాత్రం ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, చర్మం మీద మెత్తటి బుడిపెలు ఉన్నాయేమో చూపించుకోండి. న్యూరోఫైబ్రొమటోసిస్ టైప్ 1 అనే జన్యు సమస్యతో దీనికి సంబంధం ఉంది.

ఇప్పుడు దీనికి పూర్తి ఆపోజిట్‌గా ఉండే ఇంకో గడ్డ. నొప్పి తక్కువ, చూడ్డానికి మాత్రం భయంకరం. గోరు పక్కన లేచిన తోలు పీకడం, కొరకడం, ముల్లు గుచ్చుకోవడం, ఇలాంటి చిన్న గాయం అయిన కొన్నాళ్ళకి అక్కడ ఎర్రగా, తడిగా, చెర్రీ పండు లాగా ఒక బుడిపె లేస్తుంది. వారాల్లోనే పెరుగుతుంది. తువ్వాలు తగిలితే చాలు రక్తం, ఒక పట్టాన ఆగదు. దీన్ని పయోజెనిక్ గ్రాన్యులోమా అంటారు. పేరంతా తప్పే. పయోజెనిక్ అంటే చీము పట్టేది, ఇందులో చీము ఉండదు. గ్రాన్యులోమా కూడా కాదు. కేశనాళికలు గుత్తులుగా పెరిగిన గడ్డ ఇది. గర్భిణుల్లో కూడా వస్తుంది, కొందరికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది. మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ టాబ్లెట్ల వల్ల కూడా గోళ్ళ పక్కన రావచ్చు. కాబట్టి ఆ కోర్సులో ఉన్నవాళ్ళు స్కిన్ డాక్టర్‌కి చెప్పండి.

దీనికి మన వాళ్ళు దారం కట్టి లాగడం, బ్లేడుతో కోసేయడం చేస్తుంటారు. వద్దు. రక్తం ఆగక ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వస్తుంది, వేరు మిగిలితే మళ్ళీ వస్తుంది. డాక్టర్ దగ్గర మత్తు ఇచ్చి గీకేసి, అడుగున కాల్చేస్తారు, పది పదిహేను నిమిషాల పని. లోతుగా ఉంటే కోసి కుట్టు వేస్తారు. ఇక్కడ కూడా ముక్కని బయాప్సీకి పంపించమని మీరే అడగండి. రంగు లేని మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అచ్చం ఇలాగే ఎర్ర బుడిపెలా కనిపించగలదు. అరుదే, కానీ దాన్ని కాల్చేసి చెత్తబుట్టలో వేస్తే ఎవరికీ తెలియదు. గోరు కింద నల్లటి గీత వచ్చి వెడల్పు అవుతున్నా, ఆ నలుపు గోరు చుట్టూ చర్మంలోకి పాకుతున్నా అది ఈ రెండు గడ్డల కథ కాదు, వెంటనే చూపించుకోవాలి.

డాక్టర్ దగ్గరకి వెళ్ళినప్పుడు “చెయ్యి నొప్పి సార్” అనకండి. అలా అంటే మెడ దగ్గరే మొదలవుతుంది. “ఈ వేలి గోరు కింద, ఈ ఒక్క చోటే నొప్పి. చన్నీళ్ళు తగిలితే ఎక్కువవుతుంది. ఇన్నేళ్లుగా ఉంది. గ్లోమస్ ట్యూమర్ ఏమైనా అయ్యుంటుందా, ఒకసారి నొక్కి చూడండి” అని అడగండి. ఫోన్‌లో తీసిన ఫొటోలు చూపించండి. హ్యాండ్ సర్జన్ దగ్గర్లో ఉంటే మంచిది. లేకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్, ప్లాస్టిక్ సర్జన్, గోళ్ళ జబ్బులు చూసే స్కిన్ డాక్టర్ ఎవరైనా చూడగలరు. ఇంట్లో అమ్మో, అత్తో, అక్కో చలికాలం ఒక్క వేలు మడిచి పెట్టుకుని పని చేస్తుంటే, గుండుసూది తలతో ఆ గోరు మీద నెమ్మదిగా నొక్కి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో వేళ్ళు చలికి తెల్లబడి నీలంగా మారే రేనాడ్స్ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.